అరుగు మీద ఎవరూ లేని ఫొటో

మార్కండేయులు తీసిన ఫొటోలో అక్కర్లేని మనిషి కనబడడు. పెళ్లి పందిట్లో ఎంత తొక్కిడి ఉన్నా సరే, కెమెరా కంటికి ఆనించి, ఎడమ చెయ్యి గాలిలో ఊపుతూ "జర పక్కకు జరుగుండ్రి" అంటాడు. మేనమామలు జరుగుతారు. సర్పంచులు జరుగుతారు. ఒకసారి పెళ్లి చేయించే పంతులే జరిగాడు.

ఆయనది సిరిసిల్ల. తండ్రి ఇంట్లో సాంచాల మీద బట్ట నేసేవాడు. నేసిన బట్టను అరచేత్తో తడుముతూ, ఎక్కడ ముడి తగిలినా కొడుకును పిలిచి చూపించేవాడట. ఆ చప్పుడు పడక కొడుకు జగిత్యాల వచ్చి గడియారం టవర్ దగ్గర స్టూడియో పెట్టుకున్నాడు. సాంచాలను వదిలాడు కానీ ఆ తడిమే గుణాన్ని వదల్లేదు. ఫొటోలో అడ్డం వచ్చే మనుషులు ఆయనకు బట్ట మీది ముడుల్లాగే కనబడేవారు.

నేను తిరుపతిని. డిగ్రీ మధ్యలో మానేశాను. ఎందుకని అడిగితే చెప్పేంత కథ లేదు, క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు, అంతే. పొద్దున సమ్మె టెంట్‌లో నినాదాలు, తర్వాత మార్కండేయులు స్టూడియో బెంచీ. అక్కడ పని చేసేవాణ్ని కాదు, ఊరికే కూర్చునేవాణ్ని.

సకల జనుల సమ్మె రోజులవి. డిపోలో బస్సులు, ఇళ్లలో సార్లు. ఒక పొద్దున మార్కండేయులు షట్టర్ సగం ఎత్తి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తిరుపతీ, రోడ్డు సూసినవా? బస్సు లేదు, ఆటో లేదు. గిట్ల ఖాళీగ మళ్ల దొరకది. పా, ఊర్లున్న గుళ్లు, మసీదులు అన్ని తీసుకొద్దాం."

"జనమంత టెంట్ల కూసుంటే నీకు ఫొటోలు యాదికొచ్చినయా అన్నా?"

"టెంట్ల కూసున్నోళ్లను పేపరోళ్లు తీస్తరు. గోడలను ఎవ్వలు తీస్తరు?"

నడిచే తిరిగాం. ముందు ఖిల్లా. బురుజు మీద తుప్పు పట్టిన ఫిరంగి, లోపల పాత మసీదు, దాని కమానుల మీద మొలిచిన గడ్డి. నమాజుకు ముందు వజూ చేసుకుంటూ కాళ్లూ చేతులూ కడుక్కుంటున్న ముసలాయన్ని జరగమన్నాడు. తర్వాత ఒక శివాలయం. స్తంభాల మీది బొమ్మలకు ఏటేటా సున్నం వేసీ వేసీ ముక్కూ మొహం పూడుకుపోయాయి, నాట్యం చేసే కాళ్లు మాత్రం మిగిలాయి. కొబ్బరికాయల ఐలమ్మ తిట్టుకుంటూ గంప ఎత్తుకుని జరిగింది. దర్గాను చూసుకునే ముజావర్ నులక మంచం లోపలికి లాక్కున్నాడు. ఎక్కడికి పోయినా మనుషులు లేచి పక్కకు పోవడం, ఖాళీ అయిన చోట ఎండ పరచుకోవడం, మార్కండేయులు మొహం వెలగడం.

చివరికి ఒక గల్లీలో పీర్ల కొట్టం దగ్గరికి వచ్చాం. చిన్నది. మట్టిగోడ, సున్నం, చెక్క తలుపులు, ముందు కమానులు, వాటి కింద నున్నగా అరిగిపోయిన పొడుగాటి అరుగు. పంజాల పీర్లు ఏడాదంతా లోపల పెట్టెలో ఉంటాయి. మొహర్రం నెలవంక కనబడితేనే బయటికి తీస్తారు. మిగతా రోజుల్లో తలుపుకు తాళం ఉంటుంది. గురువారం మాత్రం జోహరా బీ తాళం తీసి ఊదు వేస్తుంది. ఆమె మొగుడి తాత నాటి నుంచీ తాళంచెవి వాళ్ల ఇంట్లోనే ఉంది. మిగతా రోజుల్లో అరుగు మీదే కూర్చుని, గల్లీ ఆడవాళ్లతో కలిసి బీడీలు చుడుతుంది. మేము పోయింది గురువారం కాదు.

చాటల్లో తునికాకు, తంబాకు పెట్టుకుని జోహరా బీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు.

"అవ్వా, జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు మార్కండేయులు.

"ఎందుకు కొడుకా? మేముంటే నీ కెమెరా పగుల్తదా?" అంది జోహరా బీ.

"గోడ సక్కగ కనవడాలె."

"గోడకన్న మేం సక్కగ లేమా ఏంది?" అని పక్కనున్న రుక్కమ్మ అనేసరికి ముగ్గురూ నవ్వారు. నవ్వుకుంటూనే చాటలు ఎత్తుకుని ఎదురింటి గడపలోకి పోయారు. మిగిలిన చెప్పులను మార్కండేయులే వంగి, తీసి పక్కన పెట్టాడు. ఒక ఫొటోలో జోహరా బీ కొంగు అంచు పడింది. అక్కడికక్కడే చెరిపేశాడు.

చివరి ఫొటో నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు? కమానుల నీడ అరుగు మీద పడి, ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టుంది.

సమ్మె విరమించాక, దీపావళి దాటగానే కోరుట్ల బట్టల సేటు ఒకాయన ఆ ఫొటోలతో కొత్త ఏడాది క్యాలెండర్ వేయించి పంచాడు. పీర్ల కొట్టం జనవరికి వచ్చింది. హోటళ్లలో, మంగలి షాపుల్లో అదే వేలాడింది. జోహరా బీకి మార్కండేయులు స్వయంగా తీసుకుపోయి ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మస్తుగున్నది," అంది. "మరి నేనేది?"

అప్పుడు అందరం నవ్వాం.

కొద్ది రోజులకే ఆ గల్లీలో మురుగునీటి మోరీ వెడల్పు చేసే పని వచ్చింది. కొలతలు పెట్టే మున్సిపాలిటీ సారు రెండు వైపులా చూసి, ఏ వైపు జరపాలా అని ఆలోచిస్తున్నాడు. ఒక వైపు కిష్టయ్య ఇనుప సామాన్ల దుకాణం, ఇంకో వైపు పీర్ల కొట్టం. నేను ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నాను. కిష్టయ్య తన దుకాణంలో వేలాడుతున్న క్యాలెండర్‌నే తీసుకొచ్చి సారు ముందు పెట్టాడు.

"సూడుండ్రి సార్. తాళం పడ్డది. మనిషి గాదు, కుక్క గూడ లేదు. పాడువడ్డ కొట్టం."

సారు క్యాలెండర్ చూశాడు, కొట్టం చూశాడు. ఆ పూట ఆడవాళ్లు ఆకు కోసం బీడీల కార్ఖానాకు పోయి ఉన్నారో ఏమో, అరుగు మీద నిజంగానే ఎవరూ లేరు. సాయంత్రానికి అరుగు అంచున, కూలగొట్టే చోటని ఎర్ర రంగు గుర్తు పడింది.

మర్నాడు జోహరా బీ స్టూడియోకు వచ్చింది, చంకలో చుట్టిన క్యాలెండర్. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేం లేకుంటనే ఉన్నమట కొడుకా గా అరుగు మీద," అంది. "నువ్వు జరుగుమంటెనే జరిగితిమి కద."

గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది. క్యాలెండర్ బల్ల మీద పెట్టబోయి, మళ్లీ చంకలోనే పెట్టుకుని పోయింది.

ఆ రోజు మార్కండేయులు స్టూడియోలోంచి కదల్లేదు. కెమెరా కార్డు కంప్యూటర్‌కు పెట్టి, చెరిపేసిన ఆ కొంగు ఫొటో కోసం వెతికాడు. ఆ కార్డు మీద అప్పటికే ఎన్నో పెళ్లిళ్లు ఎక్కి దిగాయి. నాకు విసుగొచ్చింది.

"నీకెందుకన్నా గింత బాధ? నువ్వేమన్న కూలగొడుతున్నవా?"

"కూలగొడ్తలే," అన్నాడు. "ఖాళీ జేసిన."

కోరుట్లలో ఒక పెళ్లికి పోయి ఎవరినీ జరగమనలేదట. తలంబ్రాల ఫొటోలో పెళ్లికొడుకు మొహం ముందు ఎవరిదో మోచెయ్యి, చంటిపిల్ల కాలు, నీళ్ల డ్రమ్ము. పెళ్లికూతురి తండ్రి స్టూడియోకు వచ్చి, ఫొటోలు తీసినవా పశువులు కాసినవా అని కడిగేశాడు. ఈయన తల వంచుకుని విన్నాడు.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని కొలతల సారు దగ్గరికి పోయాడు.

"సార్, గా క్యాలెండర్ ఫొటో నేనే తీసిన."

"మంచిగ తీసినవయ్యా."

"లేదు సార్. అబద్ధం తీసిన. అరుగు మీద ఆడోళ్లుండిరి, నేనే లేపిన. ఆళ్ల చెప్పులు గూడ నేనే జరిపిన."

సారు నా వైపు చూశాడు, ఈయనకు బాగానే ఉందా అన్నట్టు. "లేపినవని సాక్ష్యమేది? ఫొటోల ఉన్నదే కద నేను సూసేది. సరే, రేపొస్త, సూస్త," అన్నాడు.

ఆ సాయంత్రం మార్కండేయులు గల్లీ అంతా తిరిగాడు. జన్మంతా జనాన్ని జరగమన్న మనిషి ఇంటింటి ముందూ నిలబడి, రేపు జర అచ్చి కూసోండ్రి అని బతిమాలుతుంటే చూడలేక నేను చాయ్ హోటల్ దగ్గరే ఆగిపోయాను. సమ్మె అయిపోయి అందరూ అప్పుడప్పుడే పనుల్లో పడ్డారు. మర్నాడు వచ్చింది ఎప్పటి ముగ్గురే.

సారు వచ్చి చాటల వైపు చూశాడు. "వీళ్లు బీడీలు చేసుకుంటున్నరు. మొక్కుతలేరు గదా."

"పీర్లు లోపలున్నయి సార్," అంది జోహరా బీ, చేతిలో బీడీకి దారం చుడుతూనే. "మేం ముంగట ఉన్నం. గింతకన్న ఎట్లుంటరు?"

సారు చెడ్డవాడేమీ కాదు. గదిని, కమానులను ముట్టనన్నాడు. మోరీ తిరగాలంటే అరుగు మాత్రం పోక తప్పదన్నాడు. పీర్ల పండుగ అయ్యేదాకా ఆగుతానన్నాడు. గల్లీ వాళ్లు గండం గడిచిందనుకున్నారు. మార్కండేయులు అనుకోలేదు.

నెలవంక కనబడింది. పెట్టె దించి పీర్లను కడిగి, రంగు గుడ్డల ధట్టీలు కట్టి నిలబెట్టారు. అరుగు నిండా బెల్లం మలీద గిన్నెలు, ఎండుకొబ్బరి కుడుకల దండలు, మొక్కులు తెచ్చిన ఆడవాళ్లు. మార్కండేయులు ఒట్టి చేతులతో వచ్చి, అలావా నిప్పుల గుండానికి కట్టెలు మోస్తున్నాడు. జోహరా బీ చూసింది.

"కెమెరా ఏదిరా?"

"తేలే అవ్వా."

"తే పో. అరుగు పోతున్నది, గిప్పుడన్న తియ్యి. నన్ను మాత్రం జరుగుమనకు."

పోయి తెచ్చాడు. ఎడమ చెయ్యి అలవాటుగా గాలిలోకి లేచింది. లేచిన చేతిని జేబులో పెట్టుకుని, ఒంటి చేత్తోనే తీశాడు.

పండుగ అయిన మరుసటి వారం మెషీన్ వచ్చింది. అరగంట పని. అరుగు రాళ్లు ట్రాక్టర్లో పోయాయి.

ఎండాకాలంలో మార్కండేయులు ఆ పండుగ ఫొటోను పెద్దది చేయించి, అద్దం కట్టించి జోహరా బీ ఇంటికి తీసుకుపోయాడు. వెంట నేనూ ఉన్నాను. ఆమె సంతోషపడింది, నట్టింట్లో మేకు కొట్టించింది. పొయ్యి పక్క గోడకు మాత్రం జనవరి పేజీ ఇంకా వేలాడుతోంది. కింది తేదీలు చించేసి బొమ్మ ఉంచుకుంది. మార్కండేయులు దాన్ని తీసెయ్యబోయాడు.

"దాన్ని ముట్టకు," అంది జోహరా బీ.

"గదొద్దవ్వా. గదాంట్ల ఎవ్వలు లేరు."

"అరుగున్నది కద. నీ పండుగ ఫొటోల ఏది అరుగు? సూపియ్యి."

ఆయన చూశాడు. నేనూ చూశాను. కొంగులు, మోకాళ్లు, గిన్నెలు, దండలు. అరుగు ఎక్కడా కనబడలేదు.

బయటికి వచ్చాం. ఒకప్పుడు అరుగున్న చోట మోరీ మీద సిమెంటు పలకలు పరిచారు. మార్కండేయులు వాటి మీద నిలబడ్డాడు. ఎటు పోవాలో తెలియనట్టు ఉన్నాడు. రుక్కమ్మ చాట చంకన పెట్టుకుని, చేతిలో గోనెసంచితో వచ్చింది.

"అన్నా, గక్కడే నీడ వడ్తది. నేను కూసోవాలె."

ఆయన ఎండలోకి జరిగాడు.