నీళ్ళు పోయని గుంత

గంగులమ్మకు మంటంటే భయం లేదు. కంటికి కనబడని నిప్పంటేనే భయం. శ్రీకాళహస్తి పక్కన, సర్కారు తుమ్మ కాల్చే బొగ్గుల బట్టీల దగ్గర పుట్టి పెరిగిన మనిషి. బట్టీ మీద కప్పిన మట్టి ఎప్పుడూ నిద్రపోతున్నట్టే ఉండేది. ఒకనాడు ఆ మట్టి విరిగి వాళ్ళ నాయన కాలు మోకాలి దాకా లోపలికి దిగిపోయింది.

ఇప్పుడు ఆమె, మొగుడు మునికుమార్ ఇద్దరూ జయచంద్ర అనే రైతు మామిడి తోటలో పని చేస్తున్నారు. కత్తిరించిన కొమ్మల్ని గుంతలో వేసి కాల్చాలి. బొగ్గు ఎర్రగా మెరిసేటప్పుడు నీళ్ళు పోసి ఆర్పాలి. దాన్ని పేడనీళ్ళలో నానబెట్టి పాదుల్లో వేస్తే నేల తడిని పట్టి ఉంచుతుంది. పొగై ఆకాశానికి పోవాల్సింది వందల ఏళ్ళు మట్టిలోనే ఉండిపోతుందని జయచంద్ర చెప్పాడు. చెట్ల వేళ్ళ మధ్య మేఘమొకటి పడుకున్నట్టు అనిపించి ఆమె ఆ రోజంతా నేలను మెల్లగా తొక్కింది.

నీళ్ళు పోయడానికి మాత్రం చెయ్యి రాలేదు. బట్టీల దగ్గర తడిసిన బొగ్గును ఏ వ్యాపారీ కొనడు. బిందె దగ్గరికి తెచ్చినా తిట్లే. నిన్న సాయంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు, పాత అలవాటు కొద్దీ గుంతను మట్టితో మూసేసింది. పొద్దున తీస్తే బొగ్గు చేతికి చల్లగానే తగిలింది. సంచులకెత్తారు. మునికుమార్ వాటిని మోటారు కొట్టంలో పేర్చాడు.

మధ్యాహ్నం జయచంద్ర వచ్చాడు.

"గుంతకు నీళ్ళు బాగా పట్టించినావా గంగులమ్మా?"

"మట్టి కప్పినానన్నా."

"అమ్ముకునే బొగ్గా ఇది? లోపల ఒక్క నిప్పు మిగిలినా సంచంతా రాజుకుంటాది. పొగ గూడా కనపడదు, గాలి మాత్రం విషమైపోతాది. యాడ పెట్టినారు సంచులు?"

ఆమె కొట్టం వైపు చూసింది. ఎండకు తాళలేక మునికుమార్ తలుపేసుకుని అందులోనే పడుకున్నాడు.

పరుగెత్తింది. పొగ లేదు. వాసన లేదు. రెండు చేతులా తలుపు బాదింది.

"మామా. తలుపు తీ మామా."

కొట్టం ఊపిరి బిగబట్టినట్టుంది. జయచంద్ర భుజంతో గుద్దితే లోపలి గొళ్ళెం ఊడింది. వేడి ముఖాన కొట్టింది. ఇద్దరూ కాళ్ళు పట్టి అతన్ని బయటికి లాగారు.

కళ్ళు తెరవలేదు. చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మునికుమార్ దగ్గి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"ఎన్నాళ్ళ పగే ఇది," అన్నాడు తల పట్టుకుని. "నిద్రపోయేవాణ్ణి కొడ్తా ఉండావు."

"ఆటోను పిలుస్తా. ఆస్పత్రికి పోవాల్సిందే," అన్నాడు జయచంద్ర. "ఎగతాళి కాదప్పా ఇది."

ఆటో వచ్చేలోగా ఆమె సంచులను బయటికి ఈడ్చింది. ఒకదాని అడుగున ఎర్రటి కన్నొకటి తెరుచుకుంది. బిందెతో నీళ్ళు పోసింది. బొగ్గు బుసకొట్టింది. కాసేపటికి బుస ఆగింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసింది, చల్లగా ఉంది. నమ్మకం కుదరలేదు. ఇంకో బిందె పోసింది.

"ఇంక చాల్లే, రా," అన్నాడు మునికుమార్ ఆటోలోంచి.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఆస్పత్రి దాకా, అతని ముక్కు దగ్గర పెట్టిన వేలు తీయలేదు.