చైను చూసి చెప్పే మనిషి

మంగళవారం పొద్దున్నే ముసురు పట్టింది. గిలకలదిండి రేవులో వేలంపాట అయ్యాక పెట్టెలో చేపల మీద ఐసు పరుస్తుంటే ఫోను మోగింది. సైకిల్ షాపు బాబాయ్ కూతురు. "నాన్న పోయాడక్కా, ఇందాకే," అంది. పెట్టె పక్కామెకు అప్పగించి వెళ్ళాను.

ఆయన నాకు చుట్టం కాదు. పదిహేనేళ్ళుగా సైకిలు మీద ఊళ్ళు తిరిగి చేపలమ్ముతున్నాను. ఆ సైకిలు ఇన్నాళ్ళు నడిచిందంటే ఆయన చలవే. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు చైను మీదే కారతాయి. అది చాలదన్నట్టు, నీచువాసన పోవాలని మేము రేవు నీళ్ళతోనే సైకిళ్ళు కడుగుతాం.

"చేపకి ఉప్పు పెడితే ఎండబెట్టడానికి. చైనుకెందుకే?" అని అరిచేవారు.

చైను ఎప్పుడు మార్చాలో ఆయన చెప్పేవారు కాదు. పెడలు దగ్గరి పళ్ళచక్రం మీద చైనును మన చేతే ముందుకి లాగించేవారు. పంటికీ చైనుకీ మధ్య వెలుతురు కనిపిస్తే మార్చాలి. ఆ మాట మన నోటి నుంచే రావాలి.

ఒకసారి నేను తొందరపడి గుడివాడలో కొత్త చైను వేయించుకుని, వెనక చక్రానికుండే పళ్ళ బిళ్ళ, అరిగిన ఫ్రీవీలు, అలాగే ఉంచేశాను. గట్టిగా తొక్కితే చైను పళ్ళ మీంచి జారిపోయేది. బాబాయ్ చూసి నవ్వారు.

"కొత్త కోడల్ని తెచ్చి పళ్ళూడిన అత్త పక్కన కూర్చోబెట్టావా?"

"అత్తని కూడా మార్చెయ్యి బాబాయ్."

"పాత చైను ముందే తీసేసుంటే అత్త ఇంకో ఇద్దరు కోడళ్ళని చూసేది కదే."

కిందటి వానాకాలం ఆయన అంచనా తప్పింది. మా రేవులో చేపలు మోసే ఒకతను తొందరలో ఉన్నాడని, అతని చేత లాగించకుండా తనే చూసి, "ఫ్రీవీలు ఇంకా వస్తుందిలే," అన్నారు. వారం తిరక్కుండా వంతెన ఎక్కుతుంటే చైను జారి అతను పడ్డాడు. మణికట్టు విరిగింది. కంట్లో పొర ఉందన్న సాకు బాబాయ్ చెప్పలేదు. కొత్త ఫ్రీవీలు పట్టుకుని వాళ్ళింటికెళ్ళి, "తప్పు నాదే," అని, వాకిట్లో కూర్చుని బిగించి వచ్చారు. అలా వెళ్ళిన మెకానిక్కుని నేను మరొకర్ని చూడలేదు.

తర్వాత నన్ను పిలిచారు. "నా చూపు మీద ఇక నమ్మకం లేదమ్మాయ్. నువ్వు చూసి చెప్పు, నేను బిగిస్తాను. ఇంకోసారి అంచనా తప్పితే షాపు మూసేస్తా."

"చేపలమ్ముకునేదాన్ని, నాకేం తెలుసు బాబాయ్?"

"చేప తాజాదో కాదో చెప్పే కన్నుకి పళ్ళు కనబడవా?"

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ మణికట్టు విరిగినతనే సైకిలు తెచ్చాడు. చైను అతని చేతే లాగించాను. వెలుతురు కనిపించింది. "మార్చాలి," అన్నాడు.

"చైను చాలు బాబాయ్. ఫ్రీవీలు బాగానే ఉంది," అన్నాను.

బాబాయ్ వేలు పళ్ళ మీద ఒక చుట్టు తిప్పి, "నిజమే," అన్నారు. కొత్త చైను బిగించారు. అతను వంతెన ఎక్కి దిగి తిరిగొచ్చాడు.

"జారలేదు బాబాయ్."

నాలుగింటికి అతను వెళ్ళాడు. నాలుగున్నరకి బాబాయ్ ఇంటికి వెళ్ళారు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.