ఏడాకుల చెట్ల కింద వనభోజనం

పొద్దున్నే రెండో కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. మా విల్లాల సంఘం గ్రూపులో అధ్యక్షులవారి సందేశం. ఈ ఆదివారం మన ప్రాంగణంలో కార్తీక వనభోజనాలు, ప్రకృతి ఒడిలో పచ్చని చెట్ల నీడన అందరం కలుద్దాం అని రాసి, కింద మూడు నమస్కారాలు పెట్టి, ఒక ఫొటో జతచేశారు. ఫొటోలో మా వీధి. వీధికి రెండు వైపులా ఏడాకుల చెట్లు, ఆకు కనబడకుండా గుత్తులు గుత్తులుగా పాలిపోయిన ఆకుపచ్చ రంగు పూలు. చూడ్డానికి బాగానే ఉంది. ఫొటోకి వాసన ఉండదు కాబట్టి ఆ అందం చెల్లుబాటైపోయింది. గ్రూపులో అప్పుడే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టేస్తున్నారు. వాళ్లలో సగం మంది ఆదివారానికి అక్కడ ఉండరని నాకు తెలుసు, నాకు తెలుసన్న సంగతి వాళ్లకీ తెలుసు. మా ఆయన నా భుజం మీంచి ఫోనులోకి తొంగిచూసి, పేపరు తీసుకుని కుర్చీలో కూర్చున్నారు.

ముప్పై ఏళ్లు మేం వన్‌టౌన్‌లో, రేవుకి దగ్గర్లో, మా ఆడపడుచు వాళ్ల మేడ మీద వాటాలో ఉన్నాం. రేవులో బొగ్గు దిగిందంటే ఆ సంగతి మాకు పేపరు చూడక్కర్లేకుండానే తెలిసేది. మధ్యాహ్నం కిటికీ గట్టు తుడిస్తే సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఆరేసిన బట్టలు ఒకసారి దులిపి, లోపలికి తెచ్చి ఇంకోసారి దులిపి, అప్పుడు మడత పెట్టాలి. మా ఆయన ఓడల సరుకు దింపించే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవారు. ఆ ఊళ్లో, ఆ వీధిలో ఉంటూ ఆయనకి తెల్లచొక్కాల మోజు. ఆ చొక్కాలు ఉతికి ఉతికి నా చేతుల గీతలు అరిగిపోయాయి. కింద వాటాలో మా ఆడపడుచు, ఆమె భర్త ఉండేవారు. ఆయనకి పడవల వాళ్లకి వలలు, తాళ్లు అమ్మే కొట్టు ఉంది. ఆయనా మా ఆయనా ఒకరినొకరు బావ అనుకుంటారు, విని విని చెప్పుకునేటప్పుడు నాకూ బావగారే అయిపోయారు, పిలవడం మాత్రం అన్నయ్యగారూ అనే. నన్ను ఆయన చెల్లెమ్మ అంటారు, అదీ వాళ్ల పలుకులో సెల్లెమ్మ.

మా ఆయనకి చలికాలంలో కాస్త దగ్గు వచ్చేది. ఆ వీధిలో ఎవరికి రాదు? ఉద్యోగం చివర్లో, ఊళ్లోనే సీతమ్మధారలో ఒక డాక్టరుకి చూపిస్తే, ఆ డాక్టరు గొట్టం పెట్టి విని, గాలి మార్పు ఉంటే మంచిదండీ అన్నాడు. పాపం ఆయన ఉద్దేశం ఓ పది రోజులు ఎక్కడికైనా వెళ్లి రమ్మని. మా ఆయన దానికి ఇల్లే కొన్నారు.

భీమిలి వైపు, కొండలకీ జీడితోటలకీ మధ్య, ఒకప్పుడు ఒట్టి పల్లెలుగా ఉన్న చోట ఇప్పుడు అన్నీ విల్లాలే. పల్లె పేరు అలాగే ఉంటుంది, పల్లె మాత్రం గోడకి అవతల ఉంటుంది. ఇల్లు చూపించడానికి అమ్మేవాళ్లు మమ్మల్ని మొదటిసారి తీసుకెళ్లింది పుష్యమాసంలో ఒక పొద్దున్న. కొండ మీద మంచు, ఎక్కడో నెమలి కూత, రోడ్డుకి రెండు వైపులా గొడుగులు పట్టినట్టు చెట్లు. దూరపు కొండలు నునుపు అంటారు, మా ఆయనకి దగ్గర కొండలు కూడా నునుపుగానే కనబడ్డాయి. సంఘం అధ్యక్షులవారు స్వయంగా వచ్చి చెట్లు చూపించారు. ఎక్కడో పెద్ద అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. పెద్ద తుఫానుకి అక్కడున్న మామిళ్లూ నేరేళ్లూ అన్నీ కూలిపోతే, తొందరగా ఎదుగుతాయని ఈ ఏడాకుల చెట్లు తెప్పించి నాటించారట. ఒక్కో కణుపు దగ్గర ఏడేసి ఆకులు చక్రంలా ఉంటాయి, అందుకే ఆ పేరు. "వీటికి పురుగు పట్టదు, పశువు ముట్టదు మేడమ్" అన్నారాయన గర్వంగా. పశువు కూడా వద్దనుకున్న చెట్టు దగ్గర మనకేం పని అని అప్పుడే అడగాల్సింది. అడిగినా మా ఆయన వినేవారు కాదు. ఆయన అప్పటికే కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంటున్నారు.

ఆ ప్రకృతి గురించి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. ప్రకృతి అంటే నేను మందారం మొక్క, పిచ్చుక, మహా అయితే ఉడత అనుకున్నాను. అక్కడ నెమలి రోజూ వచ్చి మా కారు తలుపులో తన బొమ్మ చూసుకుని, అది వేరే నెమలనుకుని పొడిచేది. కారు మీద దుప్పటి కప్పితే దుప్పటి లాగేసేది. కోతులు వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, తీసినవి తీసినట్టు తిని, తలుపు మాత్రం వేసేవి కావు. స్నానాల గదిలో కప్ప ఉంటే నేను బయటే నిలబడి దానికి దారివ్వాలి. ఏం చెప్పినా మా ఆయన ఒకటే మాట, ప్రకృతి అంటే అలాగే ఉంటుంది అని. ఆదివారాలు చుట్టాలు వచ్చి, వరండాలో కూర్చుని, ఎంత అదృష్టవంతులమ్మా మీరు అని ఫొటోలు తీసుకుని, సాయంత్రం దోమలు లేచే వేళకి సరిగ్గా లేచిపోయేవారు. అదృష్టమంతా మాకు వదిలేసి వెళ్లేవారు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది మొదటి కార్తీకంలో వచ్చింది. పొద్దు వాలేసరికి ఒక వాసన మొదలయ్యేది. మొదట్లో ఎవరింట్లోనో పూజ అనుకున్నాను. పొద్దు పోయేకొద్దీ, అగరుబత్తీల కొట్లో పెట్టి తలుపు వేసినట్టు ఉండేది. తల దిమ్ము, నాకు అంతవరకే. మా ఆయనకి దగ్గు, దగ్గు వెనక ఆయాసం, ఆయాసం వెనక పిల్లికూతలు. దిండ్లు మూడు వేసుకుని కూర్చునే నిద్రపోయేవారు. ఇదేమిటండీ అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ముప్పై ఏళ్లుగా లోపల పేరుకున్న బొగ్గు ఇప్పుడు మంచి గాలి తగిలి బయటికి వస్తోందట. ఇది నాతో అనడమే కాదు, పొద్దున్న నడకలో ఎదురైనవాళ్లందరికీ చెప్పేవారు. పైగా ఆ దగ్గుని ఏదో పాత బాకీ తీరుతున్నట్టు సంతోషంగా దగ్గేవారు. ఆ రోజుల్లోనే వన్‌టౌన్‌లో ఏదో శుభకార్యానికి వెళ్తే, బావగారి మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కారు. నల్లదుమ్ములో కూర్చుని రెండో విస్తరి అన్నం తిన్నారు. నేను చూశాను. చెప్పాను కూడా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషికి నాలుగో కాలు ఎంత చూపిస్తే మాత్రం ఏం లాభం?

రెండో కార్తీకంలో వనభోజనాలు వచ్చాయి. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి కదా, మా వనంలో ఉసిరి లేదు. దానికి అధ్యక్షులవారు నర్సరీ నుంచి కుండీలో ఒక ఉసిరి మొక్క తెప్పించి, దానికి జరీ గుడ్డ చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టారు. పంతులుగారు కుర్చీ చుట్టూ తిరిగి పూజ చేశారు. మేమంతా ఏడాకుల చెట్ల కింద బారుగా కూర్చున్నాం. పులిహోరలో పూలు రాలుతున్నాయి. పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎంత ఆహ్లాదంగా ఉందో అంటోంది. బావగారిని మా ఆయనే పట్టుబట్టి పిలిచారు, మన గాలి చూసి పోదువుగాని రమ్మని. ఆయన వలలు మోసే పాత వ్యానులో వస్తే, కంపు కొడుతోందని దాన్ని గేటు బయటే ఆపించారు.

మా ఆయన విస్తరి చేత్తో పట్టుకుని, కొత్తగా వచ్చిన ఒకాయనకి గాలి గొప్పదనం వివరిస్తున్నారు. మాట మధ్యలో ఆగిపోయింది. దగ్గుతారేమో అనుకున్నాను, దగ్గు కూడా రాలేదు. విస్తరి జారి పడింది. పెదవుల రంగు మారింది. నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నారు, చుట్టూ ఉన్నదంతా గాలే, అందులో ఒక్క గుక్క ఆయనకి అందడం లేదు. ఈయన ఇక్కడే, ఈ పులిహోర మధ్యలో, నా ముందే పోతారని అనుకున్నాను.

అధ్యక్షులవారు అంబులెన్సుకి ఫోను చేస్తూ గేటు వాళ్లకి బండి నంబరు ముందే చెప్పాలంటున్నారు. బావగారు అవేమీ వినలేదు. మా ఆయన్ని రెండు చేతులా లేపి గేటు దాకా మోసుకుపోయి వ్యానులో వలల మీద కూర్చోబెట్టారు. అద్దాలన్నీ దించేసి తోలారు. హైవే ఎక్కి కాస్త దూరం పోయేసరికి, డాక్టరు మొహం ఇంకా చూడకుండానే, ఆ చేపల వాసనలో మా ఆయనకి ఊపిరి ఒక్కొక్క గుక్కే అందడం మొదలైంది.

"ఊపిరాడతన్నాదా బావా?" అని అడిగారు బావగారు వెనక్కి తిరక్కుండా. ఆయన తలూపారని నేను చెప్పాను. ముందున్న లారీని దాటించి, "అదేటి సెల్లెమ్మా, ముప్పై ఏళ్లు బొగ్గులో బతికినోడు పువ్వులకి పడిపోనాడేటి" అన్నారు. ఏడవాలో నవ్వాలో నాకు తెలియలేదు.

సీతమ్మధార డాక్టరు ఈసారి గాలి మార్పు అన్న మాట ఎత్తలేదు. ఆ చెట్ల పూలు ఈయనకి పడటం లేదమ్మా, అవి పూసినన్నాళ్లూ అక్కడ ఉంచొద్దు, ఇంకోసారి ఇలా వస్తే ఇంత దూరం వచ్చేదాకా ఆగకపోవచ్చు అని నాతో విడిగా చెప్పాడు. ఆయన్ని కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉంచి, ఆ ఏటి పూత రాలిపోయాక, ఆ మాట పట్టుకుని నేను సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. నాకు మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేదు. మా ఇంటి ముందున్న రెండు చెట్లు తీయించండి, మిగిలినవాటికి మొగ్గ వేసే ముందు కొమ్మలు కొట్టించండి, నా భర్త ప్రాణం మీదికి వచ్చింది అని చెప్పాను.

అధ్యక్షులవారు ఎంతో మర్యాదగా విన్నారు. "మేడమ్, మీరు ప్రకృతి కావాలనే కదా ఇక్కడికి వచ్చారు" అన్నారు. తర్వాత, చెట్లు కొట్టాలనుకునేవాళ్లు చేతులెత్తండి అన్నారు. నేను ఎత్తాను. చుట్టూ చూశాను. అందరూ ఎవరి ఫోనులోకి వాళ్లు చూసుకుంటున్నారు. నా పక్కన మా ఆయన కూర్చుని ఉన్నారు. ఎవరి ఊపిరి కోసం నేను సిగ్గు విడిచి నిలబడ్డానో ఆ మనిషి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఎదురుగా గోడకున్న గడియారం చూస్తున్నారు. ఆ చెయ్యి లేవలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు చాలాసార్లు కోపం వచ్చింది. అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం అధ్యక్షులవారి భార్య వెనక గుమ్మం నుంచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "ఏమీ అనుకోకండి, నాకూ పడదు. తల పగిలిపోతుంది. కార్తీకం రాగానే నేను సీతమ్మధారలో మా చెల్లెలింటికి పోతాను. కాశీకని చెబుతాం" అంది. నేను చెప్పినట్టు ఆయనకి మాత్రం చెప్పకండి అని బతిమాలి వెళ్లింది. ఆయన భార్య కాశీకి వెళ్లిందో సీతమ్మధారకి వెళ్లిందో ఆయనకి తెలియదా? అప్పుడు నాకు వెలిగింది. కార్తీకంలో మా వీధిలో సగం ఇళ్లకి తాళాలెందుకో, ఇంతమందికి ఇంత భక్తి ఒక్కసారిగా ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో. అంత పోసి కొనుక్కున్న పచ్చదనం తలనొప్పి తెస్తోందని ఎవరు చెబుతారు? మింగలేరు, కక్కలేరు, రైలు టిక్కెట్లు కొనుక్కుంటారు.

మా ఆయనతో నేను చాలా రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టేదాన్ని, మందు చేతికిచ్చేదాన్ని, అంతే. మరుసటి ఏడు మొగ్గలు కనబడ్డ రోజున ఆయనే వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "అందరి ముందూ ఏం చెప్పమంటావు? చెట్టుకి ఓడిపోయానని చెప్పమంటావా?" అన్నారు. నేను కూర తరుగుతూనే ఉన్నాను. గుమ్మం దాటి లోపలికొచ్చి, గొంతు తగ్గించి, "బావ మేడ మీద గది ఖాళీగానే ఉందట. ఓ నెల పోయొద్దామా, గాలి మార్పుకి" అన్నారు. ఆయన నోటంట వచ్చిన క్షమాపణ అదొక్కటే. ఆయన్ని ఎరిగినదాన్ని కాబట్టి అది క్షమాపణ అని నాకు తెలిసింది. కత్తిపీట పక్కన పెట్టి, వెంటనే బట్టలు సర్దాను, ఆయన మనసు మారే లోపల.

బావగారు మెట్ల దగ్గరే ఎదురొచ్చారు. పైన గదిలో అన్నాళ్లూ పెట్టుకున్న వలల కట్టలు అప్పటికే తీయించేసి, నేల కడిగించి ఉంచారు. "ఏటి బావా, గాలి మార్పుకొచ్చినావేటి" అన్నారు, నవ్వు బిగబట్టి. మా ఆయన తలూపారు. ఈ గది అద్దెకివ్వలేదా అన్నయ్యగారూ అని నేను అడిగితే, ఆయన నావైపు వింతగా చూసి, "ఇచ్చీస్తే మీరెక్కడికెల్తారు సెల్లెమ్మా? ఆ సెట్లు ఏటేటా పూత్తాయి కదా" అన్నారు. మేం రాకముందే, మేం చెప్పకముందే ఆయన మా కోసం ఆ గది ఆపి ఉంచారు. నేను మొహం తిప్పుకుని కిటికీ తెరిచాను.

అప్పట్నుంచీ ప్రతి కార్తీకం ఇక్కడే. ఇందాకటి సందేశానికి నేనూ ఒక చప్పట్ల బొమ్మ పెట్టి, యాత్రలో ఉన్నాం, క్షమించండి అని రాశాను. తలెత్తి చూస్తే మా ఆయన పేపరు గుండెల మీద పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోతున్నారు. దగ్గు లేదు, పిల్లికూత లేదు, పేపరు లేస్తోంది, దిగుతోంది. తెల్లచొక్కా భుజం మీద అప్పుడే నల్లటి నలుసులు. తడిగుడ్డ తెచ్చి కిటికీ గట్టు తుడిచాను. ముప్పై ఏళ్లు ఈ మసి తుడుస్తూ ఇక్కణ్నుంచి ఎప్పుడు బయటపడతామా అని రోజులు లెక్కపెట్టుకున్నదాన్ని, ఇప్పుడు మిగతా పదకొండు నెలలూ పచ్చటి చెట్ల మధ్య కూర్చుని, గుడ్డకి ఈ నలుపు అంటుకునే నెల మళ్లీ ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటున్నాను.