మోరీ గట్టున, నా పాదాల మీద

మా పాపకు దొడ్డికి కూర్చోవడం నేర్పింది నేను. ఈ మాట చెప్పినప్పుడల్లా మగవాళ్ళు నవ్వారు, ఆడవాళ్ళు నా భార్య వైపు జాలిగా చూశారు. వాళ్ళకు ఇచ్చుకోవలసిన సంజాయిషీ నా దగ్గర ఏమీ లేదు. జరిగింది మాత్రం వరసలో చెప్తాను, ఎందుకంటే వరస తప్పించి చెప్పేవాళ్ళు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసుకునే పని. ఇల్లు ఎమ్మిగనూరులో. పత్తి వస్తున్నన్నాళ్ళూ మాకు ఊపిరి తిరగదు. ఎండలు ముదిరేసరికి పత్తి అయిపోతుంది, మిల్లు మూస్తారు. మళ్ళీ దసరా దాకా ఎవరైనా పిలిస్తే బోరు మోటార్లు బాగుచేసుకుంటూ ఇంటి పట్టునే ఉంటాను. నా భార్య వార్డు సచివాలయంలో పనిచేస్తుంది, ఆమెకు ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకటే. అందుకని ఆ ఏడాది, రెండేళ్ళు నిండిన పాపను పగలంతా చూసుకునే పని నాకు వచ్చింది.

ఆ ఎండకు డైపరు వేస్తే తొడలు ఎర్రగా పొక్కిపోతున్నాయి. దసరా తర్వాత నేను మిల్లుకు పోతే పాపను ఎక్కడ ఉంచాలన్నది అసలు ప్రశ్న. మా వీధి చివరి చిన్నపిల్లల బడిలో అడిగాను. బట్టలు పాడుచేసుకోని పిల్లలనైతేనే తీసుకుంటామన్నారు. లేకపోతే ఆదోనిలో మా అత్తగారింటికి పంపాలి. కాబట్టి గడువు దసరా. పని ఏమిటో తెలుసు, గడువు తెలుసు. చేయలేకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.

మిల్లులో మోటారు కాలిపోయాక బాగుచేయడం కంటే కాలకముందే చూసుకోవడం మా పద్ధతి. పాపకూ అదే పెట్టాను. ఫోనులో అలారం, అది మోగగానే కూర్చోబెట్టడం. కొద్ది రోజులకే ఆ ట్యూను వినపడితే చాలు, పాప బియ్యం డ్రమ్ము వెనక్కి పరిగెత్తేది. ఒకసారి పక్కింటివాళ్ళ ఫోను అదే ట్యూనుతో మోగితే అన్నం ముందునుంచి లేచి పారిపోయింది. అలారం తీసేశాను. తర్వాత బాతు బొమ్మ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాను. పాప దాని నిండా ఉల్లిగడ్డలు పోసి, మూత పెట్టి, "నానా, కూర" అంటూ నాకు వడ్డించింది. లెట్రిన్‌లో కూర్చోబెడదామంటే ఆ బొక్కను చూసి నా మెడ పట్టుకుని వేలాడింది.

మా వైపు చంటిబిడ్డల కోసం ఏ కుర్చీలూ కొనరు. ఆడవాళ్ళు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పాదాలు రెండూ కాస్త ఎడంగా పెట్టి, వాటి మీద బిడ్డను తమ వైపు తిప్పుకుని కూర్చోబెడతారు. బిడ్డ చేతులు పట్టుకుని నోటితో చిన్నగా ఉస్సుమంటారు. ఒకరోజు ఎదురింటి ఆమె తన మనవడిని అలా కూర్చోబెడుతుంటే నిలబడి చూశాను. బిడ్డ మోకాళ్ళు కడుపు దగ్గరికి వస్తున్నాయి. కింద ఖాళీ ఉంది. నడుము వెనక్కి వాలకుండా చేతుల ఆధారం ఉంది. కళ్ళెదురుగా బొక్క లేదు, తెలిసిన ముఖం ఉంది. ఇందులో మార్చవలసింది నాకేమీ కనిపించలేదు. ఒక్కటే అడ్డు: నా పుట్టుకలో ఏ మగవాడి పాదాల మీదా బిడ్డ కూర్చుని ఉండగా చూడలేదు. అది పద్ధతిలో లోపం కాదు, మగవాళ్ళలో లోపం.

మాది రెండు గదుల ఇల్లు, పెరడు లేదు. గాలీ వెలుతురూ ఉండేది వీధి వైపు, మురుగునీళ్ళు పోయే మోరీ గట్టు మీద. అక్కడే పీట వేసుకున్నాను. కింద పాత పేపరు పరిచి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి కాళ్ళు చాపాను. పాప వచ్చి కూర్చుంది. ఇది ఆమెకు కొత్త కాదు, పసిగుడ్డుగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పాదాల మీద కూర్చున్నదే. నా పాదాలు పెద్దవి కాబట్టి ఇంకా హాయిగా సర్దుకుంది.

ఆ దారిన టీ అంగడికి పోయేవాళ్ళు మొదటి రోజే ఆగారు.

"ఏమప్పా, మిల్లు మూసినారని ఈ డ్యూటీకి సేరినావా?" అన్నాడు ఒక పెద్దాయన.

"అవునన్నా. ఈడ షిఫ్టు దిగేది ఉండదు" అన్నాను.

"ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

"ఉండారు. ఆపీసుకు పోయినారు."

అతను తల తిప్పుకుని పోయాడు. మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని అదే దారిన వచ్చాడు. నేను పీట జరపలేదు. పాప వాళ్ళకు చెయ్యి ఊపింది. లోపలే చేయించరాదా అని ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నా భార్య మెల్లగా అన్నది. లోపల చీకటిగా ఉంటుంది, పాప భయపడుతుంది అన్నాను. నిజమే అది. వాళ్ళ కోసం లోపలికి పోవడం నాకు ఇష్టం లేదన్నది కూడా అంతే నిజం.

ఎండాకాలం సగానికి వచ్చేసరికి పాపే వచ్చి నా ప్యాంటు లాగి "నానా, ఆయి" అని చెప్పేది. అప్పుడే ఆదోనిలో మా అత్తగారింట్లో బావమరిది బిడ్డను తొట్టెలో వేసే వేడుక వచ్చింది.

ఇల్లంతా జనం. నేను బయట షామియానా కింద ఫ్యాన్లకు వైరు లాగుతున్నాను. పాప నన్ను వెతుక్కుంటూ తిరిగి, జనంలో నేను కనపడక, నడింట్లో పరిచిన జంఖానా మీదే కానిచ్చింది. మా అత్తగారు పాపను రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. అట్లకాడ పొయ్యి మీద కాల్చి, పాప తొడ దగ్గరికి తెచ్చి, ఇంకోసారి చేస్తే వాత పెడతానని చూపించింది. తగలనివ్వలేదు, వేడి తెలిసేంత దగ్గరగా మాత్రం పెట్టిందని వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు తర్వాత చెప్పారు. మా అత్తగారి కేకలు విని నేను పోయేసరికి అట్లకాడ మళ్ళీ పెనం పక్కన ఉంది. పాప గోడకు అతుక్కుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చాక పాప బిగబట్టడం మొదలుపెట్టింది. డ్రమ్ము వెనక కాళ్ళు మెలిపెట్టుకుని, డ్రమ్ము అంచు పట్టుకుని, ముఖం ఎర్రబడేదాకా నిలబడేది. రోజులు గడిచాయి. కడుపు గట్టిపడింది, అన్నం మానేసింది. డాక్టరు మందు రాసి ఇచ్చి, దాన్ని మించి ఒక మాట చెప్పాడు. భయంతో బిగబడుతుంది, బిగబడితే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పితో ఇంకా భయం. ఇది నాకు బాగా తెలిసిన సంగతే. మోటారు ట్రిప్పయి ఆగినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ స్విచ్చు వేసేవాడు చివరికి లోపలి తీగల వైండింగు కాలుస్తాడు. ముందు లోడు తీసేయాలి. తీసేశాను. పీట ఎత్తి పక్కన పెట్టాను, దొడ్డి మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాను.

ఆ సమయంలోనే మా అత్తగారు బస్సు దిగి వచ్చింది. ఆమె నాతో నేరుగా మాట్లాడదు. నేను ఎదురుగా ఉన్నా, చెప్పవలసింది కూతురికి చెప్తుంది. మా వైపు పాత అత్తగార్ల పద్ధతి అది. కాళ్ళు కడుక్కుని కూర్చుని, బిడ్డ బట్టలు సంచిలో సర్దమని కూతురితో చెప్పింది. దసరాకు మిల్లు తెరిస్తే బిడ్డను ఎలాగూ తన దగ్గరికే పంపాలి, ఇప్పుడే తీసుకుపోతే ఆలోగా దారికి తెస్తానన్నది.

"మీ ఆయనకు సెప్పు. మగోడు వీధిలో కూసోని బిడ్డకు ముడ్డి కడుగుతాండాడని ఆదోని దాకా అనుకుంటాండారు. ఇంగ సాలు."

నా భార్య లోపలికి పోయింది. సంచి తెచ్చింది గానీ అందులో ఏమీ పెట్టలేదు. పాప డ్రమ్ము వెనక నుంచి తొంగి చూస్తోంది.

"అత్తా, నన్ను సూసి మాట్లాడు" అన్నాను. "బిడ్డను నేను పంపను."

ఆమె మొదటిసారి నా ముఖం వైపు చూసింది.

"ఏంటికి పంపవు? నేనేమన్నా కాల్సినానా? సూపిచ్చినా, అంతే. నలుగురు బిడ్డల్ని ఇట్లనే పెంచినా. ఒగరన్నా సెడిపోయినారా?"

"సెడిపోయినారని నేననలా. నా బిడ్డకు ఆ అట్లకాడ వద్దంటాండా. నేర్సుకోకపోతే మిల్లు మానుకోని ఇంట్లోనే ఉంటా."

"మిల్లు మానుకోని ముడ్డి కడుగుతావా?"

"కడుగుతా."

నా భార్య అప్పుడు కదిలింది. తల్లి ముందు కూర్చుని చీర అంచు కొద్దిగా పైకి తీసింది. కుడి పిక్క మీద చిటికెన వేలంత మచ్చ ఉంది. పెళ్ళయిన కొత్తలో నేనడిగితే బండి సైలెన్సరు తగిలిందని చెప్పింది. నేను నమ్మాను.

"అమ్మా, ఇది యాడిదో నీకు గుర్తుండాదా?" అన్నది. "నాకుండాది. నేనేం సేసినానో గుర్తులేదు. ఇది మాత్రం ఉండాది."

మా అత్తగారు ఆ మచ్చ వైపు చూసి, గోడ వైపు చూసింది. తర్వాత మంచినీళ్ళు తాగి లేచింది. దసరా తర్వాత ఎవరు కడుగుతారో తనూ చూస్తానని గుమ్మంతో చెప్పి బస్టాండుకు పోయింది. నేను దిగబెట్టడానికి బండి తీశాను. ఎక్కలేదు.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది చెప్పుకోదగినంత గొప్పగా ఏమీ లేదు. మందు, బొప్పాయి, బాగా నీళ్ళు. పాప డ్రమ్ము వెనకకు పోయినప్పుడు నేను పోయి డ్రమ్ము ఈవల నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాణ్ణి. పిలవలేదు, అడగలేదు. చేతిలో విప్పేసిన స్విచ్చుబోర్డు ఏదో ఒకటి పెట్టుకుని దాని స్క్రూలు బిగిస్తూ ఉండేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పాప వచ్చి బట్టలతోనే నా పాదాల మీద కూర్చుని, స్క్రూడ్రైవరు లాక్కుంది. కాసేపు ఆడుకుని లేచిపోయింది. అలా చాలాసార్లు కూర్చుంది, లేచిపోయింది. చివరికి ఒక ఉదయం తనే పీట ఈడ్చుకుంటూ గుమ్మం దాటించింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, నా బొటనవేళ్ళు రెండూ పట్టుకుని, పని ముగించింది. లేచి నిలబడి కిందకు చూసి దానికి టాటా చెప్పింది. టీ అంగడికి పోతున్న పెద్దాయన ఆగి చూశాడు. ఆ రోజు ఏమీ అనలేదు. అన్నా నాకు వినపడి ఉండేది కాదు.

కానీ ఒక్కచోట మాత్రమే పనిచేసేదాన్ని బాగయిందని నేను అనను. మోటారును బెంచీ మీద తిప్పి చూస్తే సరిపోదు, అది ఉండవలసిన చోట తిరగాలి. పాప ఏ ఇంట్లో భయపడిందో ఆ ఇంట్లో భయం పోవాలి. వద్దని నా భార్య అన్నది. పాప ఏడిస్తే మరుక్షణం వెనక్కి వచ్చేస్తామని ఆమెకు మాట ఇచ్చాను. దసరాకు ముందు ముగ్గురం ఆదోని బస్సెక్కాం.

మా అత్తగారు మమ్మల్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ రోజు వాళ్ళింట్లో చుట్టాలు ఉన్నారు. అన్నాలయ్యాక పాప నా ప్యాంటు లాగింది. పెరట్లో స్నానాలు చేసే బచ్చలి బండ ఉంది, దానికి ఎదురుగా వంటింటి తలుపు. నేను పీట అడిగాను. ఎవరూ తెచ్చివ్వలేదు. బండ మీదే కూర్చుని ప్యాంటు మడిచి కాళ్ళు చాపాను. వాకిట్లో ఉన్న మగవాళ్ళు మాటలు ఆపి పెరటి వైపు తిరిగారు. చూడనీ అనుకున్నాను. పాప కూర్చుంది.

మా అత్తగారు వంటింటి తలుపులో నిలబడింది. చేతిలో ఏమీ లేదు, పైట చెంగు తప్ప. పాప మెడ తిప్పి ఆమెను చూసి బిగుసుకుపోయింది. ఆ బిగువు నా పాదాలకు తెలిసింది. లేచి ఎత్తుకుని పోదామా అని ఒక క్షణం అనిపించింది. కాళ్ళు కదపలేదు.

"అవ్వా" అన్నది పాప. గొంతు చిన్నదే గానీ పెరడంతా వినిపించింది. "నువ్వు లోపలికి పో."

చుట్టాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మా అత్తగారు కూతురి వైపు చూసింది. నా భార్య తల దించుకోలేదు. అప్పుడు మా అత్తగారు నా వైపు చూసింది. పాప చెప్పిందానికి నేను కలపవలసింది గానీ, తీయవలసింది గానీ ఏమీ లేదు.

ఆమె లోపలికి పోయింది.

పాప నా బొటనవేళ్ళు పట్టుకుంది. నేను ఉస్సుమనలేదు. పాదాల మీద ఆ బిగువు కొద్దికొద్దిగా వదులైంది.