తాగి చూపించే ఇర్ఫాన్

"వీడు మింగినాడేమో అత్తా."

పులివెందుల పక్కన మా అత్త అలివేలమ్మ చీనీ తోట, అంటే బత్తాయి తోట. డ్రిప్పు మోటారు షెడ్డు ముందర మా రెండేళ్ల కొడుకు కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. వాడి పక్కనే చెట్లకు పోసే హ్యూమిక్ మందు డబ్బా, కొలత మూత. మూత అడుగున కాస్త మందు మిగిలి ఉంది. మొదటి నుంచీ అంతే ఉందా, వాడు తాగగా మిగిలిందా అన్నది చెప్పేవాళ్లు లేరు.

అత్త కంగారు పడలేదు. "ఏం గాదు ల్యామ్మే. ఇర్ఫాను మన ముందరే గ్లాసు నిండా తాగతాడు గదా," అంది.

ఆమెకు ఆ ధైర్యం ఎలా వచ్చిందో తెలియాలంటే ఇర్ఫాన్ గురించి చెప్పాలి. చెప్పుకోదగ్గ మనిషేమీ కాడు.

ప్రొద్దుటూరులో బంగారు నగలకు మెరుగు పెట్టే ఇంట్లో పుట్టాడు. తండ్రి నూర్ అహ్మద్ చేతి పనికి అంగళ్లలో మంచి పేరుంది. కొడుక్కి ఆ పనిలో నచ్చింది మెరుపు ఒక్కటే. డిగ్రీ సగంలో వదిలేశాడు. కువైట్ పోయి కారు నడిపి, నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు. జుట్టు మొలిపించే నూనె అమ్మాడు. అప్పటికే సొంత నెత్తి పలచబడింది కాబట్టి ఆ వ్యాపారం ఎక్కువ కాలం సాగలేదు. చెట్లకు నెత్తి ఉండదు, అవి అమ్మేవాడి నెత్తి కూడా చూడవు. అందుకే చివరికి రైతుల మీద పడ్డాడు.

ప్రొద్దుటూరులో బయల్దేరి, జమ్మలమడుగు శనగ చేల మీదుగా, మా చీనీ తోటల దాకా బైకు మీద తిరుగుతాడు. చొక్కా ఎప్పుడూ తెలుపే. కుడిచేతి బొటనవేలు మాత్రం నల్లగా ఉంటుంది. దాన్ని కడగడు. అతని దుకాణం బోర్డు అదే.

జనం పోగవగానే గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఒక్క చుక్క మందు వేస్తాడు. నల్లటి పోగులు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి. "సూడప్పా, ఇది మీ రేగడి నేల. సీసాలో పట్టకొచ్చినా," అంటాడు. జమ్మలమడుగు వైపు అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు. నల్లనేల ఉందంటే చాలు, ఇంకేమీ అడక్కుండా పిల్లనిచ్చిన ఊళ్లవి. అక్కడి రైతులు మందును అరచేతిలో రుద్ది, ఏ కంపెనీది ఎక్కువ నలుపో పోల్చి చూస్తారు. కాస్త గోధుమరంగుగా ఉంటే నీళ్లు కలిపారని పక్కన పెట్టేస్తారు. నేల నలుపు వేరు, సీసాలో నలుపు వేరు అని చెప్పబోతే, నేను చదువుకున్న వృక్షశాస్త్రం ఎమ్మెస్సీని జాలిగా చూస్తారు.

ఆఖరి ఘట్టం తాగడం. సంచిలోంచి చిన్న సీసా, స్టీలు గ్లాసు తీస్తాడు. నల్లగా పోసుకుని, ఒక్క గుక్కలో తాగి, మీసం తుడుచుకుంటాడు. "మనిషి తాగేది చెట్టుకు చెడు చేస్తాదా?" అంటాడు. మనిషి కాఫీ కూడా తాగుతాడు. ఆ లెక్కన చీనీ చెట్టుకు పొద్దున్నే కాఫీ పెట్టాలి.

హ్యూమిక్ అనేది అబద్ధం కాదు. అబద్ధమంతా ఇర్ఫాన్ దగ్గరే ఉంది. మా అత్త తోటది సున్నపు నేల. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలేవి. నేలలో ఇనుముకు కరువు లేదు, సున్నం దాన్ని బిగించి వేరుకు అందనివ్వదు. హ్యూమిక్ పదార్థాలు ఆ ఇనుమును పట్టుకుని, నీళ్లలో కరిగే రూపంలో వేరు దగ్గరికి చేరుస్తాయి. వాటిలోని చిన్న ముక్కలు చెట్టు సొంత హార్మోనులాగా వేరును కదిలిస్తాయి. అప్పుడు పక్కవేర్లు, నూగువేర్లు ఎక్కువ పుడతాయి. అంతే. అది చెట్టుకు తిండి కాదు. పేద నేలలో గుణం కనబడుతుంది, మంచి నేలలో పెద్దగా కనబడదు, మోతాదు మించితే ఆ వేరు ఎదుగుదలే కుంగిపోతుంది. ఇర్ఫాన్ మాత్రం, చెట్టుకు రక్తం తక్కువైందనీ, ఇది గటగటా తాగి లావెక్కుతుందనీ చెప్పి అమ్మాడు. తర్వాత వచ్చిన చిగురు నిజంగానే పచ్చగా వచ్చింది. తప్పు కారణం చెప్పినవాడికి సరైన ఫలితం రావడం కంటే చిరాకైనది ఇంకొకటి లేదు.

కానీ ఆ రోజు నా భయం వేరే. ఈ మందును ఒక రకం నేలబొగ్గు నుంచి కాస్టిక్ పొటాష్ వేసి లాగుతారు. అది గొంతును కాల్చే క్షారం. డబ్బాలో అది ఎంత మిగిలి ఉందో ఎక్కడా రాయలేదు. ఉన్నవల్లా ఒక ఆకు బొమ్మ, ఒక నవ్వే రైతు బొమ్మ. ఒక పక్క నేను చదివింది ఉంది. ఇంకో పక్క నా కళ్ల ముందే గ్లాసు ఖాళీ చేసిన ఇర్ఫాన్ ఉన్నాడు. రెండూ నిజం కావడానికి లేదు.

అంతలో పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. అప్పటికి అత్తకు కూడా భయం పట్టుకుంది. కక్కిద్దామని ఉప్పునీళ్లు కలుపుకొచ్చింది. నేను ఇర్ఫాన్‌కు ఫోన్ చేశాను.

అతను జమ్మలమడుగులో ఉన్నాడు. వెనక బస్సు హారను, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. రైతుల ముందు తాగి చూపించబోతూ గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నాడని తర్వాత తెలిసింది. అతను తాగేదీ మా డబ్బాలో ఉన్నదీ ఒకటేనా అని అడిగాను. నూటికి నూరు సేంద్రియం మేడం, అంటూ ఎప్పటి పాట ఎత్తుకున్నాడు.

"మా పిల్లోడు నోట్లో పోసుకున్నాడు," అన్నాను.

పాట ఆగింది.

"కాదు మేడం. నేను తాగేది టీ డికాక్షను, బెల్లం. డబ్బాలోది కాస్టిక్. కాల్తాది. కక్కిపియ్యొద్దు. నోరు బాగా కడిగి ఆస్పత్రికి పోండి. డబ్బా కూడా ఎత్తుకపోండి."

గొంతు తగ్గించలేదు. పక్కనుంచి ఎవరో, "ఏంది మామా, డికాక్షనా?" అన్నారు. నవ్వులు వినిపించాయి. అతను ఫోన్ పెట్టేయలేదు. ఆటో దొరికిందా, పోతాండారా అని అడుగుతూనే ఉన్నాడు. అత్త ఉప్పునీళ్లు చెట్టు మొదట్లో పారబోసి, ఫోన్ దగ్గరికి వంగి, "దొంగ సచ్చినోడా," అంది. అదీ విన్నాడు.

పక్క తోట వాళ్ల ఆటోలో ఆస్పత్రికి పోయాం. కింది పెదవి లోపల ఎర్రగా కమిలింది తప్ప గొంతులోకి పోలేదన్నారు డాక్టరు. కక్కించి ఉంటే, కడుపులోకి పోయినది ఏదైనా వెనక్కి వస్తూ రెండోసారి కాల్చేదట. సాయంత్రానికి మావాడు ఐస్‌క్రీం కోసం ఏడ్చాడు. ఆ ఏడుపును నేను ఆపలేదు.

ఇర్ఫాన్ పుణ్యాత్ముడని రాయను. నిజం చెప్పడానికి ఒక పిల్లవాడి నోరు కాలాల్సి వచ్చిన మనిషి అతను. జమ్మలమడుగులో ఇప్పుడు అతన్ని డికాక్షను ఇర్ఫాన్ అంటారు. ఆ వైపు అమ్మకం పోయింది. దాంతో మనిషి మారాడనుకుంటే పొరపాటు. కొన్నాళ్లకు బిస్కెట్ పొట్లం పట్టుకుని పిల్లవాణ్ణి చూడటానికి తోటకు వచ్చాడు. రెండో చేతిలో కొత్త సీసా ఉంది. సముద్రపు నాచు రసమట, ఆకుపచ్చగా ఉంది.

"ఈసారి ఏం తాగతావప్పా, టీనా కాఫీనా?" అంది అత్త.

నవ్వాడు. సిగ్గు అనేది కువైట్‌లో మరిచి వచ్చినట్టున్నాడు. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెదవి కిందికి లాగి చూశాడు. బొటనవేలు శుభ్రంగా కడిగి ఉంది. మందు రంగు మారింది కాబట్టి కావచ్చు.

కక్కించకూడదని ఎలా తెలుసని అడిగాను.

"ఒకసారి సీసాలు మారిపొయ్యినాయి మేడం," అన్నాడు. ఎర్రగుంట్ల దగ్గర రైతుల ముందే అసలు మందు సీసా ఎత్తి తాగేశాడట. పక్కనున్నవాళ్లు ప్రేమకొద్దీ కక్కించారు. శానా దినాలు గంజి తప్ప దిగలేదట. ఆ తర్వాత కూడా ఆట మానలేదు. డికాక్షను సీసాకు గుర్తుగా దారం కట్టుకున్నాడంతే.

లేచి పోబోతూ ఆగాడు. "ఒక మాట మేడం. ఎవడన్నా మీ ముందర తాగి సూపిస్తే, వాని సీసాలోది నమ్మొద్దు. మీకు అమ్మే డబ్బా మూత తీసి, దాంట్లోది పోసియ్యండి. నేనైనా సరే."

అత్త వెంటనే నాచు సీసా మూత తీసి గ్లాసులోకి వంచింది. అతను బైకు తాళం వెతుక్కున్నాడు.

మొన్న ఒకామె పిల్లలు ఎత్తు పెరిగే పొడి అమ్ముతూ మా ఇంటికొచ్చింది. ఫ్లాస్కులో కలిపి తెచ్చిన పాలు తను తాగి, మావాడికీ ఇవ్వబోయింది. నేను ఆమె అమ్ముతున్న డబ్బా సీలు విప్పి, మా పాలలో మా చెంచాతో కలిపి, ముందు మీరు తాగండి అని ఇచ్చాను. ఒక గుక్క తాగి, ఇది పిల్లల కోసమండీ, అంటూ గ్లాసు కింద పెట్టింది.