తాడు తీసినవాడి అప్పీలు

చేయని నేరాన్ని చేతులు జోడించి ఒప్పుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఒకరకంగా ఒప్పించిందీ నేనే.

డెబ్బైల చివర్లో విశాఖ హార్బరు పక్కన జాలర్ల పేటలో సాయంత్రాలు చదువు చెప్పేవాణ్ణి. నా దగ్గర సంతకం నేర్చుకున్న ఒక జాలరి, నీళ్లలో కొట్టుకొస్తున్న ఓడ తాడును తెప్పలోకి లాక్కున్నాడు. తేలివచ్చింది దొరికినవాడిదేనని వాళ్ల నమ్మకం. పోలీసులు దొంగతనం కేసు పెట్టారు. కోర్టు మెట్ల మీద నా ఉపన్యాస ధోరణిలో అన్నాను: "నిజం చెప్పడానికి భయమెందుకు? జరిగింది చెప్పెయ్."

నేరం ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగారు. అతను నడుం వంచి దండం పెట్టి, "తప్పయిపోనాది బాబూ" అన్నాడు. రెండు నెలల జైలు, వంద రూపాయల జరిమానా.

జైలుకెళ్లి అడిగాను: "తాడు తేలుతూ వచ్చిందటగా, ఆ మాట కోర్టులో చెప్పలేదేమయ్యా?"

"పెద్దోల ముందు వాదిత్తామేటి మాస్టారూ? మా కులపెద్దల కాడ ముందు దండమెట్టీయాల. ఆల్లు నాలుగు తిట్టి, సేపలేటకి పోరా అంటారు. ఈ బాబేటి, తిట్టకుండానే లోపలెట్టీసినాడు?"

బయట అతని భార్య నిలదీసింది. "ఆడు లేకపోతే తెప్ప ఎవుడేత్తాడు? నానేటి సేపలమ్మాల?"

నేను పట్టుకున్న వకీలు కాగితాలు తిరగేసి చెప్పాడు. "అర్థమయ్యే ఒప్పుకున్నాడని రాసుంది. ఇక పైకోర్టుకు అప్పీలు చేసి, శిక్ష ఎక్కువైందని మాత్రమే అడగగలం."

"నేరమే చేయకపోతే?"

"అది ఒప్పుకోకముందు అడగాల్సింది."

కులపెద్దల తీర్పులను వేదికలెక్కి వెక్కిరించినవాణ్ణి. అక్కడ తిట్టేముందు ఏం జరిగిందని అడుగుతారట. ఇక్కడ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. తప్పు అతని అలవాటుదా, చట్టానిదా, నా నీతిబోధదా? ఏ వైపు వాదించినా నా వాదన నాకే నిలవలేదు.

బెయిలు వచ్చేసరికి పన్నెండు రోజులు గడిచాయి. పైకోర్టు జడ్జిగారు ఆ పన్నెండు రోజులే చాలన్నారు. జరిమానా అలాగే ఉంచారు. దొంగ అన్న మాటా అలాగే ఉంది.

అతను మాత్రం వెలిగిపోతూ వచ్చాడు. "సూసినారా మాస్టారూ? పెద్దబాబుకి మల్లీ దండమెట్టినాను, వగ్గీసినారు!"

అతని బావమరిది నవ్వాడు. "ఈపాలి ఓడే తేలొత్తే ఏటి సేత్తావ్ బావా?"

"ఇంకో దండమెడతాను."

అందరూ నవ్వారు. అతని భార్య నవ్వలేదు. "దొంగని రాసీసినారంట గదా మాస్టారూ. అదెవులు సెరుపుతారు?" అంది.

ఆ రాత ఎవరూ చెరపలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు మీ ఊరి కోర్టు వరండాలోకి వెళ్లండి. చేతులు కట్టుకుని నిలబడ్డవాడి పక్కన కూర్చోండి. నీతులు చెప్పకండి. లోపలికి పిలిచేలోగా ఏం జరిగిందో అడగండి, చివరిదాకా వినండి.