అక్కకు చూపించిన సముద్రం

బద్వేలు బస్టాండు పక్కన బాడుగ తుఫాన్ జీపుల వరుసలో ఏసేపు బండికి ఎప్పుడూ గిరాకీ ఉండేది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా చూపు తగ్గలేదు, చెయ్యి వణకలేదు. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, గండికోటకు, సెలవులొస్తే మైపాడు సముద్రానికి జనాన్ని తిప్పడమే అతని పని. ఏసేపు బండెక్కితే నిశ్చింతగా కునుకు తియ్యొచ్చు అనేవాళ్లు. మాట తప్పడని పేరు.

అతన్ని మనిషిని చేసింది అక్క విశ్వాసమ్మ. తల్లి పోయేనాటికి ఏసేపుకు ఆరేళ్లు, ఆమెకు పన్నెండు. బడి ముఖం చూడకుండా చెనక్కాయలు పీకడానికి కూలికి పోయి తమ్ముణ్ని పదో తరగతి దాకా చదివించింది. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేక, తమ్ముడి ఇంటి పక్కనే ఒక గదిలో ఉండేది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అరవై రెండేళ్ల వయసులో ఒక్కటే అడిగింది.

"ఊళ్లో వాళ్లందర్నీ సముద్రానికి తీసకపోతాండావు. నన్నూ ఒకసారి తీసకపోరా. బైబిలు వాక్యంలో అన్నిసార్లు వస్తాది, అదెట్లుంటాదో నాకు తెలీదు."

రెండేళ్లు వాయిదాలు వేసి, నవంబరులో ఒక పొద్దున ఏసేపు బండి తీశాడు. పక్కింటి ఉరుకుందమ్మ కూడా తోడొచ్చింది. బద్వేలు దాటి గంట కూడా కాలేదు, ఫోను మోగింది. సాయంత్రం నాలుగుకు పెళ్లికి బండి కావాలి. ఎప్పుడూ బాడుగ ఇచ్చే ఇల్లు, వదులుకోలేడు. ఏసేపు సరేనన్నాడు. మైపాడు పోయొస్తే నాలుగుకు అందుకోలేడు. వెనక్కి తిప్పుదామా అంటే, అద్దంలో అక్క కనబడింది. పండక్కని దాచుకున్న చీర కట్టుకుని, కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది.

ఆలోచించకుండానే సోమశిల దారి పట్టాడు. ఆ ఏడు వానలు దండిగా పడి జలాశయం నిండుగా ఉంది. రోడ్డు పక్కన పేరు రాసిన బోర్డుంది. బండిలో చదవడం వచ్చినవాడు అతనొక్కడే.

"ఇదేనారా సముద్రం?" అంది విశ్వాసమ్మ దిగుతూనే.

"ఇదే అక్కా."

"యెంతుండాదిరా నాయనా!" చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగింది. "నీళ్లల్లో కొండలుండాయేందిరా?"

"సముద్రమన్నాక కొండలుంటాయి."

దోసిట పట్టి నోట్లో పోసుకుంది. "ఉప్పే లేదే?"

"వానలు పడినాయి కదా, పల్చబడింటాది."

"ఏమప్పా ఏసేపూ, మా ఊరి చెరువు నీళ్లు గూడా ఇంత తియ్యగుండవు" అంది ఉరుకుందమ్మ, అతని ముఖంలోకే చూస్తూ.

"నీకన్నిటికీ అనుమానమే వదినా. చేపలు తిందాం రా."

ఒడ్డున వేయించి అమ్ముతున్న చేపలు తెచ్చి, ముళ్లు తీసి అక్క చేతిలో పెట్టాడు. నాలుగుకల్లా పెళ్లింటి ముందు బండి ఆపాడు.

వాళ్ల సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్లు లేచి అందరి ముందూ చెప్పాలి. ఎన్నడూ లేవని విశ్వాసమ్మ ఆ వారం లేచింది.

"పాస్టరయ్యగారికి, సంఘానికి వందనాలు. దేవుడు మా తమ్మునికి మంచి మనసిచ్చి నాకు సముద్రం చూపించినాడు. దాంట్లో కొండలుండాయి. నీళ్లు శానా తియ్యగుండాయి."

పిల్లలు కిసుక్కుమన్నారు. పాటలు పాడే నిస్సీ, కడపలో డిగ్రీ చదివే పిల్ల, ఆగలేక, "సముద్రం తియ్యగుండేదేంది జేజీ?" అంది.

విశ్వాసమ్మ మగవాళ్ల వైపు చూసింది. ఏసేపు లేచాడు. "వానలకు అట్లనే ఉంటాది" అన్నాడు.

"యిన్యావా పాపా? మా తమ్ముడు అబద్ధమాడడు."

అందరూ స్తోత్రం అన్నారు.

ఈస్టరు మరునాడు సంఘం వాళ్లు మైపాడు పోదామనుకున్నారు. బండిలో సీటు ఒకటి తక్కువైంది. విశ్వాసమ్మ ముందుకొచ్చింది. "నేను చూసినా కదయ్యా. నా సీటు నిస్సీకియ్యండి. చూస్తే గానీ నమ్మేట్టు లేదు ఆ పిల్ల." టైర్లకు గాలి చూస్తున్న ఏసేపు వంగినవాడు వంగినట్లే ఉండిపోయాడు. తాను రాకపోయినా అందరికీ సజ్జరొట్టెలు, ఊరిబిండి పచ్చడి కట్టి పంపింది.

దారి పొడవునా పాటలు, వేళాకోళాలు. నెల్లూరు దాటాక రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, ఇసుకలో ఆరేసిన వలలు. తీరం వెంబడి బండి నడుపుతుంటే కుడిపక్కన నీలంగా సముద్రం వస్తూనే ఉంది. "నిదానంగా పోనీ బావా, కళ్లారా చూడనీ!" అని వెనక నుంచి వరసకు బామ్మర్దయ్యే ప్రేమయ్య అరిచాడు. ఎన్నిసార్లు వచ్చిన దారో. ఆ రోజు ఏసేపు అటువైపు తల తిప్పలేకపోయాడు.

గుడిసె హోటల్లో చేపల పులుసు, రొయ్యల వేపుడు తీసుకుని రొట్టెలు విప్పారు. అక్క చేతి రొట్టెను ఏసేపు తుంచి, మళ్లీ మూటలోనే పెట్టేశాడు. అప్పుడే నిస్సీ తడికాళ్లతో వచ్చింది. నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసినట్లుంది, పెదాలు తుడుచుకుంటోంది.

"తాతా, కొండలు యాడుండాయి?"

ఆ పిల్ల ఈసారి నవ్వలేదు. "జేజీకి నువ్వే చెప్పు. నేను చెప్పలేను" అని వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే అక్కకు చెప్పాడు. పెళ్లి బాడుగ, సోమశిల, అన్నీ.

"నన్ను మోసం చేసినావు, పోనీలే. గుళ్లో ఆ పాప అడిగినప్పుడన్నా చెప్పకపోతివే. దేవుని ముందర నా నోట అబద్ధం పలికించినావు కదరా."

"ఆదివారం నేనే లేచి చెప్తానక్కా."

"చెప్పు."

ఆదివారం వచ్చింది. సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అన్నారు అయ్యగారు. ఏసేపు ముందు బెంచీ పట్టుకున్నాడు. చుట్టూ అతని బండెక్కేవాళ్లే, అతని మాట మీద ఆడపిల్లల్ని కూడా ఒంటరిగా పంపేవాళ్లే. లేవలేకపోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి అక్క చూస్తోందని తెలుసు. తల ఎత్తలేదు.

కాసేపటికి విశ్వాసమ్మ గొంతు వినిపించింది. "నేను చెప్పింది తప్పు సాక్ష్యం. నేను చూసింది సముద్రం కాదంట. చదువు రానిదాన్ని, పొరపాటు పడినా. సంఘం క్షమించాల." తమ్ముడి పేరు ఎత్తకుండానే కూర్చుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు బండి తెచ్చి గడప ముందు నిలబెట్టినా ఆమె ఎక్కలేదు. కోపం కాదు. అంతమందిలో నగుబాటైన మాట మళ్లీ ఎత్తుకోవడానికి సిగ్గు. "ఎండలు తగ్గనీరా" అనేది. ఎండలు తగ్గాయి. ఆగస్టులో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో కన్నుమూసింది.

జ్ఞాపకార్థ కూడికలో ఏసేపు లేచాడు. "మా అక్క పొరపాటు పడలేదు. బాడుగ కోసం నేనే అబద్ధం చెప్పినా. ఈడ గూడా చెప్పినా" అన్నాడు.

అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "దుఃఖంలో మనిషి అన్నీ తన మీదే వేసుకుంటాడు. విశ్వాసమ్మగారే ఆ రోజు చెప్పారు కదా, ఏసేపూ. కూర్చో."

"కాదయ్యా, నిజం..."

"మాకు తెలీదా నువ్వేందో" అన్నాడు ప్రేమయ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఏసేపు నిలబడే ఉన్నాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు.